అక్షరాలు అతికిన నత్త

“అమ్మాయ్, బోర్డు మీద నువ్వు రాసిందే నిజమైతే ఆ నత్త పుట్టకముందే చచ్చి ఉండాలి. మరి మీ బరకోవా కాఫీ తోటల్లో పాకుతున్నదేంటి, దాని దయ్యమా?”

ప్రొఫెసర్ ఎవేలియో పోర్తువొందో ఈ మాట అనగానే హాలంతా గొల్లుమంది. ఇదాల్మిస్ లెగ్రా సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. శాంటియాగో ఎండకి ముందు వరుసలోవాళ్ళు సెమినార్ కాగితాలతోనే విసురుకుంటున్నారు, విసురుకుంటూనే నవ్వుతున్నారు. నవ్వనిది వెనక బెంచీలో కూర్చున్న రదమేస్ ఒక్కడే. ఆవిడ ప్రయోగశాలలోనే పనిచేసేవాడు.

ఇదాల్మిస్‌కి యాభైకి దగ్గర పడుతోంది. ఈ ఎవేలియో దగ్గరే చదువుకుంది, ఈయన చేతులమీదుగానే డాక్టరేటు తీసుకుంది. ఆయన నవ్వులపాలు చేసిన పని ఆ పరిశోధన సంస్థలో మళ్ళీ లేచి నడవడం ఆవిడ ఇంతవరకు చూడలేదు.

ఆవిడ చెప్పింది ఇది. జంతువుల కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాకి సొంతంగా ఒక చిన్న డీఎన్ఏ ఉంగరం ఉంటుంది. దాన్నుంచి ఆర్ఎన్ఏ విడివిడి ముక్కలుగా రాదు, పొడుగాటి దారంలా ఏకంగా వస్తుంది. ఆ దారంలో ప్రొటీన్ల సందేశాలుంటాయి, వాటి మధ్య మధ్య టీఆర్ఎన్ఏలనే చిన్న ముడులుంటాయి. కత్తెరల్లాంటి ఎంజైములు వచ్చి ఒక్కో ముడికి ముందొక కోత, వెనకొక కోత పెడతాయి. ముడి ఊడితే దానికి అటూ ఇటూ ఉన్న సందేశాలు కూడా విడిపోయి పనిలోకి వెళతాయి. మనిషిలోనూ ఇంతే, ఎద్దులోనూ ఇంతే.

పొలిమీత అనే ఈ బరకోవా నత్తలో మాత్రం ఆ ఉంగరం మరీ ఇరుకు. టీఆర్ఎన్ఏ తోక మీదికి పక్క సందేశం తల ఎక్కి కూర్చుంది. అలా ఎక్కిన చోటున్న నాలుగు అక్షరాలూ ఇద్దరివీ. కత్తెర ఎక్కడ పడినా ఎవరో ఒకరికి నష్టమే. అదొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. టీఆర్ఎన్ఏ పనిచేయాలంటే దాని తలా తోకా జతకట్టాలి, ఆర్ఎన్ఏ అక్షరాల్లో యు ఎదురుగా ఎ, జి ఎదురుగా సి ఉండాలి. ఈ నత్త టీఆర్ఎన్ఏ తలలో వరసగా అన్నీ యులే. తోకలో ఒక్క ఎ కూడా లేదు. జతకట్టని టీఆర్ఎన్ఏ ప్రొటీన్‌ని కట్టలేదు. ప్రొటీన్ లేకపోతే ప్రాణం లేదు.

“దయ్యం కాదు మాస్టారూ,” అంది ఇదాల్మిస్. “నత్త బతికే ఉంది కాబట్టే అడుగుతున్నాను. డీఎన్ఏలో లేని అక్షరాల్ని ఎవరో తర్వాత పెడుతున్నారు. కత్తెర సందేశాన్ని కాపాడి టీఆర్ఎన్ఏ తోకని కోసేస్తోంది. తెగిన తోకకి కొత్తగా ఎ అక్షరాలు అతుకుతున్నారని నా అనుమానం.”

“ఎవరు అతుకుతున్నారు? మీ ఊరి దర్జీయా?”

మళ్ళీ నవ్వులు. ఈసారి ఎవేలియో చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. ఆయన వెటకారం మనిషే కానీ దొంగ మనిషి కాదు.

“చూడమ్మా, నాకు తెలిసి జరిగింది ఒకటే. ఉన్న డీఎన్ఏని నువ్వు తప్పు చదివావు. లేదా ఏ బూజు డీఎన్ఏనో నీ గొట్టంలో కలిసింది. కాదంటావా, ఒకే నత్త తీసుకో. దాని డీఎన్ఏ, దాని ఆర్ఎన్ఏ పక్కపక్కన పెట్టు. ఏది ఏదో చదివేవాడికి తెలియకూడదు. ఇంకొకటి. తెగిన ముక్కలకి ఎలు అతకడం మైటోకాండ్రియాకి కొత్త కాదు, పారేసే చెత్తకి కూడా అతుకుతుంది. నీ టీఆర్ఎన్ఏ చెత్త కాదు, పనిలో ఉంది అని చూపించు. పనిలో ఉన్నదానికి చివర్న ఏముంటుంది?”

“సిసిఎ,” అంది ఇదాల్మిస్.

“అదీ. ఆ మూడక్షరాల కొక్కెం ఉంటేనే అమైనో ఆమ్లం తగులుకుంటుంది. కొక్కెం లేనిది కూలికి పోదు. శాస్త్ర మండలి కూర్చునేలోపు చూపించు. లేదంటే మండలికి నువ్వు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని నేనే రాస్తాను. ఈ దేశంలో అసలే మన మాట వినేవాళ్ళు తక్కువ, నత్తల కథలు చెబితే అదీ పోతుంది.”

బయట మెట్లమీద రదమేస్ ఆవిడ కోసం కాచుకుని ఉన్నాడు. జెల్ అనే జిగురు పలక పోసి, దాన్లో కరెంటు పంపి అక్షరాలు విడదీయడంలో ఆ ఊళ్ళో అతని చేతికి తిరుగులేదు. నోటికి కూడా.

“ఏడుస్తావా, సైకిలెక్కుతావా?” అన్నాడు.

“ఏడవను.”

“అయితే ఎక్కు. ఆయన అడిగింది న్యాయమే, అదీ నా బాధ. పిచ్చి ప్రశ్న అడిగి ఉంటే హాయిగా తిట్టుకునేవాళ్ళం.”

ఇదాల్మిస్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కాస్త ధైర్యం కూడా వచ్చింది. వెనక సీటు మీద కూర్చుని ఇల్లు చేరేసరికి ఏం చేయాలో ఇద్దరికీ తేలిపోయింది. టీఆర్ఎన్ఏ చాలా చిన్నది, దాని తోక చివర అక్షరాలు మామూలుగా చదవడానికి దొరకవు. అందుకని దాని తలనీ తోకనీ కలిపి అతికించి చేతి గాజులా గుండ్రంగా చేయాలి. అప్పుడు అతుకు మీదుగా చదువుకుంటూ పోతే తోక ఎక్కడ అయిందో, తల ఎక్కడ మొదలైందో కళ్ళకి కనిపిస్తుంది. అలా అతికించే ఎంజైము ఒక మెక్సికో మిత్రుడు జేబులో మంచు పెట్టుకుని తెచ్చి ఇచ్చినది కాస్త ఉంది. అది చలిలో లేకపోతే చచ్చిపోతుంది. సంస్థలోని ఫ్రిజ్‌ని నమ్ముకోవడం అంటే కరెంటుని నమ్ముకోవడమే. ఆ కోతల ఏళ్ళలో కరెంటుని నమ్మినవాడు బాగుపడలేదు.

ఆ ఎంజైము అప్పటికే ఓడరేవులోని చేపల గిడ్డంగిలో దాక్కుని ఉంది. అక్కడ ఇదాల్మిస్ పెద్దమ్మ కూతురు మిగ్దాలియా సూపర్వైజరు. విదేశాలకి పోయే లాబ్‌స్టర్లు అక్కడ ఉంటాయి కాబట్టి ఆ గిడ్డంగికి సొంత జనరేటరు ఉంది.

“మనుషులకి లేని కరెంటు వీటికుంది చెల్లీ,” అంటుంది మిగ్దాలియా ప్రతిసారీ. “డాలర్లు తెచ్చే బిడ్డలు మరి. నువ్వూ నేనూ ఏం తెస్తాం, ఆకలి తప్ప.”

ఎంజైము సరే, ఇక కావలసింది నత్తలు. ఆర్ఎన్ఏ ఎంత సున్నితమంటే ప్రాణం పోయిన క్షణం నుంచీ కరిగిపోతూ ఉంటుంది. నత్త బతికి ఉండగానే పట్టుకుని, ఆ చోటే గడ్డకట్టించాలి. పొలిమీతలని ఎవరుపడితే వాళ్ళు తీయకూడదు. కొన్నిటిని తీసుకునే అనుమతి ఇదాల్మిస్‌కి ఉంది. గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ మాత్రం సంస్థలో అయిపోయి చాలాకాలమైంది.

అది ఎక్కడ దొరుకుతుందో ఆవిడకి తెలుసు. ఆవిడ అన్న అర్కిమిదెస్ బరకోవా అవతలి కొండల్లో పశువులకి కృత్రిమ గర్భధారణ చేయించే పనివాడు. వీర్యం దాచే నైట్రోజన్ డబ్బా గుర్రం మీద కట్టుకుని ఊరూరా తిరుగుతాడు.

లారీ వెనకాల జనం మధ్య నిలబడి, లా ఫరోలా కొండదారి మలుపులన్నీ తిరిగి, ఒళ్ళంతా హూనమై ఇదాల్మిస్ అన్న ఇంట్లో దిగింది. వదిన వేడివేడిగా అరటి పిండి పొట్లం చేతిలో పెట్టింది. కొబ్బరిపాలలో ఉడికినది, లోపల పీత మాంసం. అది తిన్నాకగానీ ఆవిడకి మాట రాలేదు.

విషయం విని అర్కిమిదెస్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

“ఈ డబ్బాలో జిల్లాలోని మంచి ఆబోతుల వంశమంతా ఉంది చెల్లెమ్మా. దాన్లో నీ నత్తల్ని పడేసి, రేప్పొద్దున ఏ ఆవుకైనా వీపున పెంకుతో దూడ పుట్టిందనుకో, ఊరోళ్ళు నన్ను కొడతారు.”

“కొట్టరులే అన్నయ్యా. పెంకున్న దూడ వానకి తడవదు, మెచ్చుకుంటారు.”

“అసలీ గొడవంతా దేనికి? ఆ ముసలాయన నవ్వాడనా?”

నవ్వాడనే, ఆ మాట నిజం. అయితే అదొక్కటే కాదు.

“మన చిన్నప్పటినుంచీ ఇవి ఈ కాఫీ చెట్ల మీద పాకుతూనే ఉన్నాయి కదా. మనకంటే ముందు కూడా. లోపల ఇంత పెద్ద వెలితి పెట్టుకుని ఎలా బతుకుతున్నాయో ఎవరికీ తెలీదన్నయ్యా. నాకు తెలిసిపోయిందని అనిపిస్తోంది. తెలిసి ఊరుకోలేను.”

అర్కిమిదెస్ టోపీ మళ్ళీ పెట్టుకుని డబ్బాలో నత్తలకి చోటు చేశాడు. తెల్లారాక వాన వెలిసింది. అన్నాచెల్లెళ్ళు కాఫీ తోటలోకి నడిచారు. తడి ఆకుల మీద నత్తలు బయటికొచ్చి పాకుతున్నాయి. ఒకటి పసుపు, ఒకటి ఇటుక రంగు, ఒకటి నల్లటి చారలతో మెరిసిపోతోంది. ఆకుల మీది బూజు నాకి శుభ్రం చేస్తాయని అక్కడివాళ్ళు వాటిని ఏమీ అనరు. వాటిలో కొన్నిటిని ఇదాల్మిస్ ఏరింది. పసుపు నత్త అరచేతిలో కొమ్ములు చాపి నెమ్మదిగా వేళ్ళవైపు నడిచింది. కాసేపు దాన్ని అలాగే నడవనిచ్చింది. తర్వాత చేయవలసింది త్వరగా చేసింది. అర్కిమిదెస్ మూత తీశాడు, తెల్లటి పొగ లేచింది, లోపల బుసబుసమని పొంగి అణగిపోయింది.

“చిన్న డబ్బా తీసుకెళ్ళు,” అన్నాడు అర్కిమిదెస్. “అందులో నైట్రోజన్ కూడా ఆవిరైపోతూనే ఉంటుంది. లారీ వాడితో పోట్లాడైనా సరే, నిలబెట్టే పట్టుకో. పడుకోబెట్టావా, అంతే సంగతులు.”

శాంటియాగో దాకా ఆ డబ్బాని ఇదాల్మిస్ ఒళ్ళో చంటిపిల్లలా నిలబెట్టి పట్టుకుంది. పక్కనున్న ఆవిడ అందులో ఐస్‌క్రీం ఉందేమోనని దారి పొడుగునా ఆశగా చూస్తూనే ఉంది.

మొదటి ప్రయత్నం మట్టిగొట్టుకుపోయింది. ఒక నత్తని నూరి ఆర్ఎన్ఏ తీశారు. బాగానే వచ్చింది. తలా తోకా అతికించడానికి గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టిన కాసేపటికే కరెంటు పోయింది. పోయింది మళ్ళీ ఆ రోజు రాలేదు. ఉక్కపోతకి ఫ్రిజ్ లోపల గోడలు చెమటలు పట్టాయి. అయినా ఆశ చావక పని చివరిదాకా చేసి ఎక్స్‌రే ఫిలిం కడిగారు. అక్షరాలు నిచ్చెన మెట్లలా విడివిడిగా కనిపించాల్సిన చోట పైనుంచి కిందికి నల్లటి మసి పూసినట్టుంది.

రదమేస్ ఫిలింని కిటికీకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“అందంగానే ఉంది,” అన్నాడు. “ఎవేలియో గారింట్లో కర్టెనుగా వేలాడదీయొచ్చు.”

ఇదాల్మిస్ లేచింది. అన్న ఇచ్చిన డబ్బా మూత తీసి, కర్రపుల్ల ముంచి చూసింది. నైట్రోజన్ అడుగంటింది. మిగిలిన నత్తలు అందులోనే ఉన్నాయి. మళ్ళీ కొండలెక్కి తెచ్చేంత వ్యవధి లేదు. ఎంజైము కూడా ఇంకొక్కసారికే వస్తుంది. బల్లమీద తల వాల్చుకుని కూర్చుంది. ఆ క్షణంలో ఎవేలియో వచ్చి, వ్యాసం వెనక్కి తీసుకో అమ్మా అని మెల్లగా అని ఉంటే సరే అనేసేదేమో.

రదమేస్ పక్కకొచ్చి కూర్చున్నాడు. “ఎంజైముని లాబ్‌స్టర్ల దగ్గర దాస్తున్నాం కదా,” అన్నాడు. “మనమే వెళ్ళి దాంతోపాటు ఉంటే?”

ఇదాల్మిస్ తలెత్తింది.

మిగ్దాలియా మొదట ససేమిరా అంది. “నీకు మతిపోయిందా? అది తిండి పెట్టే చోటు. నీ రసాయనాలు నా సరుకు మీద పడితే నా ఉద్యోగం పోతుంది, నన్ను ఆ లాబ్‌స్టర్ల పక్కనే పడుకోబెడతారు.” 

“సరుకు గదిలో కాదక్కా. పక్కన మీరు కోట్లు వేలాడదీసుకునే చలిగది ఉంది కదా, అందులో ఒక మూల. విషమేదీ తీసుకురాను, అవన్నీ సంస్థలోనే ముగించుకుని వస్తాను. అతికించే పని ఒక్కటే ఇక్కడ.”

“అతికించి?”

“ఎవేలియో నోరు మూయిస్తాను.”

మిగ్దాలియా పెదవి బిగించి ఆలోచించింది. ఎవేలియో ఎవరో ఆవిడకి తెలీదు. చెల్లెలి ముఖం మాత్రం పుట్టినప్పటినుంచీ తెలుసు. గోడకున్న దూది కోటు తీసి ఇదాల్మిస్ భుజాల మీద వేసింది. “బొత్తాలు పెట్టుకో. జలుబు చేస్తే మాత్రం నా దగ్గర మందు లేదు.”

ఈసారి కరెంటు ఉన్న పొద్దుటిపూట చూసుకుని, సంస్థలో ఒకే నత్తని రెండు భాగాలు చేశారు. ఒక భాగం నుంచి డీఎన్ఏ, రెండో భాగం నుంచి ఆర్ఎన్ఏ. ఇంకో నత్తకి కూడా అలాగే చేశారు. ఆర్ఎన్ఏ గొట్టాల్ని మంచులో గుచ్చి, రదమేస్ సైకిలు మీద రేవుకి పరుగు తీశారు. చలిగదిలో బోర్లించిన పెట్టె మీద గొట్టాలు పేర్చుకుని ఇదాల్మిస్ కూర్చుంది. వేళ్ళు కొయ్యబారిపోతుంటే చంకల్లో పెట్టుకుని వేడి చేసుకుంటూ, చుక్క చుక్కగా ఎంజైము కలిపింది. 

రబ్బరు బూట్లు వేసుకున్న పనివాళ్ళు కోట్ల కోసం వచ్చినప్పుడల్లా తొంగిచూసేవాళ్ళు.

“డాక్టరమ్మా, ఏం పులుసు వండుతున్నావ్?”

“నత్తల పులుసు.”

“ఉప్పు చూడమని మమ్మల్ని పిలవకు తల్లీ.”

ఆ రోజంతా ఊళ్ళో కరెంటు లేదు. చలిగది మాత్రం చల్లగా, నమ్మకంగా గుయ్యిమంటూనే ఉంది.

అతికిన గాజుని కాపీలు చేసి పెంచాలి. దానికి వేడి మారుస్తూ పోయే యంత్రం కావాలి. సంస్థలో ఉన్న యంత్రం కోతలు తట్టుకోలేక మూలన పడింది. ఇదాల్మిస్, రదమేస్ పెరట్లో కిరోసిన్ పొయ్యిలు వెలిగించి మూడు గిన్నెల్లో నీళ్ళు పెట్టారు. ఒకటి సలసల మరుగుతున్నది, ఒకటి గోరువెచ్చనిది, ఒకటి రెంటికీ మధ్యలో. గొట్టాల్ని దారానికి కట్టి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారుస్తూ పోవాలి. ఒకరు థర్మామీటరు చూస్తే ఒకరు గడియారం చూడాలి. చేతులు మారితే పని చెడుతుందని ఇదాల్మిస్ ఆ దారాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ముక్కుపుటాల్లో కిరోసిన్ పొగ, జాకెట్టంతా చెమట.

“మా ఆవిడ ఈ పొయ్యిలు చూసిందంటే ఇంట్లో వంట నన్నే చేయమంటుంది,” అన్నాడు రదమేస్.

“మాట్లాడకు. గడియారం చూడు.”

“చూస్తూనే ఉన్నా. తీయ్. ఇప్పుడు.”

ఆ తర్వాత జెల్ పని రదమేస్‌ది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, ఎంతసేపుంటే అంతసేపు. ఆ వారం అదృష్టం బాగుండి, ఒక పగలంతా కరెంటు పోలేదు. అతను నమూనాలకి తనకి మాత్రమే తెలిసిన గుర్తులు పెట్టాడు. ఏది డీఎన్ఏనో, ఏది ఆర్ఎన్ఏనో ఇదాల్మిస్‌కి కూడా చెప్పలేదు. ఫిలిం కడిగాక ఒక్కసారి మాత్రం తలుపు సందులోంచి బయటికి తల పెట్టాడు.

“మసి లేదు,” అన్నాడు. “మెట్లున్నాయి. ఇక నన్నేం అడక్కు, నువ్వు కూడా చూడకు. ఆయనే చదవాలి.”

సెమినార్ హాలు మళ్ళీ నిండింది. నత్త కథ అప్పటికి సంస్థంతా పాకింది. లాబ్‌స్టర్ల సంగతి ఎలాగో బయటపడి, వంటగదివాళ్ళు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. యథాప్రకారం కరెంటు లేదు. ఫిలిం చూసే దీపపు పెట్టె వెలగదు. రదమేస్ ఫిలింని కిటికీ అద్దానికి అంటించాడు. వెనకనుంచి శాంటియాగో ఎండ దానిమీద పడింది.

“మాస్టారూ, మీరే చదవండి,” అంది ఇదాల్మిస్. “నేను బోర్డు మీద రాస్తాను.”

ఎవేలియో కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కిటికీకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళాడు. ఆయన చదవడం మొదలుపెట్టాడు. మొదటి నమూనా అక్షరాలు ఒక్కొక్కటే చెబుతుంటే ఆవిడ రాసుకుంటూ పోయింది. తోక దగ్గరికొచ్చేసరికి, ఆవిడ ఎన్నో వారాల కిందట ఇదే బోర్డు మీద రాసిన ఆ జతకట్టని అక్షరాలే మళ్ళీ వచ్చాయి. ఒక్క ఎ కూడా లేదు.

“ఇది డీఎన్ఏ అయ్యుండాలి,” అన్నాడు ఎవేలియో. “మంచిది. అయితే నువ్వు డీఎన్ఏని తప్పు చదవలేదు. అది ఒప్పుకున్నాను. రెండోది చూద్దాం.”

రెండో నమూనా చదవడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరాలన్నీ పైదానికి అచ్చు గుద్దినట్టు ఒకటే. ఒకే నత్త అని అందరికీ అర్థమైంది. తోక దగ్గరికి రాగానే ఆయన గొంతు నెమ్మదించింది.

“ఎ,” అన్నాడు. ఆగాడు. “ఎ. ఎ.” వేలితో ఫిలిం మీద గీత వెంట పైకి జరిగాడు. “ఎ.”

హాల్లో విసురుకుంటున్న కాగితాలు ఆగిపోయాయి. ఇదాల్మిస్ చేతిలో సుద్ద బోర్డు మీద చప్పుడు చేస్తూ కదిలింది.

ఎవేలియో కళ్ళజోడు కిందికి దించి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాతి మెట్టు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

“సి,” అన్నాడు.

వెనక ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

“సి,” అన్నాడు మళ్ళీ. ఆ తర్వాతిది చదవకుండానే ఆయనకి తెలుసు, అందరికీ తెలుసు. అయినా ఆయన వేలు జరిపి, చూసి, గొంతు పెంచి చదివాడు. “ఎ. సిసిఎ. ఆ పక్కనే తల మొదలైంది.”

ఎవేలియో కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. “ఇంకో నత్త ఉందన్నావు.”

“పక్క వరసల్లో ఉంది మాస్టారూ. అందులో వేరే టీఆర్ఎన్ఏ చూశాం. దానికీ తోక తెగే ఉంది.”

ఈసారి ఆయన తడుముకోలేదు. కుర్రవాడిలా గబగబా చదువుకుంటూ పోయాడు. డీఎన్ఏలో లేని ఎలు అక్కడ కూడా వచ్చాయి, వాటి చివర కొక్కెం కూడా వచ్చింది. చివరి అక్షరం పలికి ఇటు తిరిగేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఎండ వల్లేనేమో.

“నేను నవ్వాను,” అన్నాడు హాలు వైపు చూసి. “మీరూ నవ్వారు, నేను నవ్వాననే నవ్వారు. ఇప్పుడు వినండి. ఈ నత్త తన డీఎన్ఏలో లేని అక్షరాల్ని ఆర్ఎన్ఏలో తనే రాసుకుంటోంది. సందేశానికి దాని తల దక్కింది, టీఆర్ఎన్ఏకి దాని తోక దక్కింది. ఎవరికీ నష్టం లేదు. ఇరవైసార్లు చెప్పిన పాఠంలో నాకు తెలియని సగం ఈ అమ్మాయి చూపించింది. శాస్త్ర మండలికి నేనే వెళతాను. ఈ వ్యాసాన్ని నేనే చదివి వినిపిస్తాను, ఆవిడ ఒప్పుకుంటే.”

చప్పట్లు ముందు గుమ్మం దగ్గరనుంచి, వంటగదివాళ్ళ నుంచి మొదలయ్యాయి. అక్కడనుంచి బెంచీల మీదికి పాకాయి. రదమేస్ బల్లమీద అరచేతులతో దరువేస్తున్నాడు. ఇదాల్మిస్ బోర్డుకి ఆనుకుంది. జాకెట్టు వీపంతా సుద్ద అంటుకుంది. ఆ సంగతి ఆవిడకి సాయంత్రం దాకా తెలీలేదు.

“నేనే చదువుతాను మాస్టారూ,” అంది. “మీరు ముందు వరసలో కూర్చోండి.”

ఎవేలియో తల వంచాడు. “అలాగే డాక్టర్ లెగ్రా.” ఆయన ఆవిడని ఆ పేరుతో పిలవడం అదే మొదలు. ఇక తట్టుకోలేనట్టు అడిగాడు. “ఇంతకీ ఆ ఎ అక్షరాల్ని అతికేదెవరు? ఏ ఎంజైము?”

“తెలీదు.”

“కత్తెర ముందు పడుతుందా, అతుకు ముందు పడుతుందా?”

“కత్తెరే అనుకుంటున్నాను. చూపించలేదింకా.”

“మరి ఇక్కడ నిలబడి చప్పట్లు వింటావేం? పద.” ఆయన అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. “నాకో బల్ల ఇస్తావా నీ ల్యాబులో?”

“కిటికీ పక్కది ఇస్తాను. కాఫీ మాత్రం మీరే తెచ్చుకోవాలి, మా దగ్గరున్నదంతా కాఫీలో కల్తీ చేసే బఠాణీ పొడే.”

ఎండ తగ్గాక ఇదాల్మిస్ టెలిఫోను ఆఫీసుకి వెళ్ళింది. అన్న ఊళ్ళో ఉన్నది ఒకటే ఫోను, సహకార సంఘంలో. లైను దొరికేసరికి ఆవిడ వెనక క్యూ వీధిలోకి వచ్చేసింది. అవతల అర్కిమిదెస్ గొంతు కొండల గాలిలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది.

“ఏమైందే? వినపడట్లా, గట్టిగా చెప్పు.”

“నెగ్గాం అన్నయ్యా,” అంది ఇదాల్మిస్.

“ఏంటి?”

“నెగ్గాం,” అని గొంతు చించుకుంది. “రెండిటికి రెండూ. నెగ్గాం.”

క్యూలో ఒక్కసారి కలకలం లేచింది. చుట్ట కాలుస్తున్న ఒక ముసలాయన టోపీ గాల్లోకి ఎగరేశాడు. “బేస్‌బాలా? హవానా వాళ్ళ మీదా? ఎంతకి ఎంత?”

ఇదాల్మిస్ ఫోను పెట్టేసి వాళ్ళ వైపు తిరిగింది. అందరూ ఆశగా ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు.

“బేస్‌బాల్ కాదు తాతా. పొలిమీత నత్త,” అంది. “మన బరకోవాది.”

ముసలాయన ఒక క్షణం ఆలోచించాడు. నేలమీద పడ్డ టోపీ తీసుకుని దులిపాడు.

“మనదేగా,” అన్నాడు. “అయితే సరే. చెప్పమ్మా, ఎవరి మీద నెగ్గింది?”

ఇదాల్మిస్ గోడకి ఆనుకుని, క్యూ కదిలేలోపు, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.